చుండూరు కేసు కూలిన చోటు

తెనాలిలో బాపట్ల వైపు వెళ్లే పాసింజరు ఎక్కితే దారిలో చుండూరు తగులుతుంది. 1991లో అది గుంటూరు జిల్లా, తెనాలి డివిజను. కొత్త జిల్లాలు వచ్చాక ఇప్పుడు బాపట్ల జిల్లా, రేపల్లె డివిజను. చుట్టూ కృష్ణా పశ్చిమ డెల్టా మాగాణి, పంట కాలవలు, వాటికి దిగువన మురుగు కాలవలు. ఆ మురుగు కాలవల్లో ఒకదాని పేరు తుంగభద్ర. కర్నూలు దగ్గర పారే నదికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. 1991 ఆగస్టు 6 తర్వాత ఈ డ్రెయిను పేరు దేశమంతా విన్నది.

ఆ రోజు చుండూరులో ఎనిమిది మంది దళితులు హతమయ్యారు. ఆ తర్వాతి రోజుల్లో కాలవల్లో వెతికేకొద్దీ శవాలు బయటపడ్డాయి. కొన్నిటిని గోనెసంచుల్లో కుక్కి నీళ్లలో పడేశారు. పదహారేళ్లకు 56 మందికి శిక్ష పడింది. మరో ఏడేళ్లు తిరగకుండానే ఆ శిక్షలన్నీ కొట్టుకుపోయాయి. హత్యల మీద చాలా రాశారు, చాలా పాడారు. కేసు ఎలా చచ్చిపోయిందో చెప్పుకున్నది తక్కువ.

మొదలు చాలా చిన్నది. జులై 4న సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న అగ్రకుల యువకుడికి తగిలింది. హాల్లోనే ముగిసిపోవాల్సిన మాట ఊరి మీదికి వచ్చింది. దళితులను పొలం పనులకు పిలవడం మానేశారు. 144 సెక్షను పెట్టారు. ఊళ్లో పోలీసు పికెట్ వేశారు. నెల రోజులు అలాగే గడిచింది. ఆగస్టు 6న పోలీసులే దళితవాడలోకి వచ్చి మగవాళ్లను పారిపొమ్మన్నారనీ, పొలాలకు అడ్డం పడి పరుగెత్తిన వాళ్లను అక్కడ కాచుకుని ఉన్న గుంపులు వెంటాడి చంపాయనీ బాధితులు మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. మిగిలినవాళ్లు కట్టుబట్టలతో తెనాలి చేరి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో తలదాచుకున్నారు. దొరికిన శవాలను ఊరి నడుమకు తెచ్చి పూడ్చిపెట్టారు. ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. సెప్టెంబరులో జరిగిన పోలీసు కాల్పుల్లో మరో దళిత యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. కేసులో అతను ముఖ్య సాక్షి అవుతాడని అందరూ అనుకున్నవాడు.

దళిత ఉద్యమ నాయకుడు కత్తి పద్మారావు, న్యాయవాది బొజ్జా తారకం వంటి వాళ్లు వీధిలోనూ కోర్టులోనూ నిలబడకపోతే ఈ కేసు గుంటూరు కోర్టు బీరువాలో వాయిదాల కట్టగా మిగిలిపోయేది. విచారణ ఊళ్లోనే జరగాలన్నది తారకం పట్టు. సాక్షి వాడలోంచి నడిచి రావాలి, బస్సు చార్జీకి అప్పు చేయకూడదు, వాయిదా పడితే పస్తుండకూడదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరిలోనే అమల్లోకి వచ్చింది. ఆ చట్టం కింద నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టడం మాత్రం దేశంలో అదే మొదలు. నిందితుల వైపు నుంచి అభ్యంతరాలు, పై కోర్టుల్లో వ్యాజ్యాలు. అన్నీ దాటుకుని విచారణ 2004 చివర్లో గానీ మొదలవలేదు. హత్య జరిగిన ఏడు పుట్టిన బిడ్డ అప్పటికి హైస్కూలుకు వచ్చేసింది. ప్రత్యేక ప్రాసిక్యూటరు బి. చంద్రశేఖర్. మొదట 219 మందిని నిందితులుగా చూపితే విచారణ నాటికి 179 మంది మిగిలారు. 2007 జులై 31న ప్రత్యేక న్యాయమూర్తి అనీస్ తీర్పు చెప్పారు: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు, 123 మంది విడుదల. శిక్షలు చాలవని అన్నవాళ్లున్నారు. అయినా ఊరి మధ్యలో కోర్టు కూర్చుని, కూలి పని చేసుకునే మనిషి బోనెక్కి ఆసామి పేరు పైకి చెప్పిన రోజులవి. ఆ కేసు అందుకున్న ఎత్తు అదే.

2014 ఏప్రిల్ 22న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి, జస్టిస్ ఎం.ఎస్.కె. జైస్వాల్ ధర్మాసనం అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. చనిపోయినవాళ్లు కచ్చితంగా ఎప్పుడు చనిపోయారో, ఎక్కడ చనిపోయారో, వాళ్లపై దాడి చేసిందెవరో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందని చెప్పింది.

ఎప్పుడు, ఎక్కడ, ఎవరు. పోలీసు ట్రైనింగులో కొత్త ఎస్సైకి నేర్పే మొదటి పాఠంలోని ప్రశ్నలే ఇవి. ఎనిమిది ప్రాణాలు పోయిన కేసు ఇరవై రెండేళ్లు నడిచి, మొదటి పాఠం దగ్గరే బోల్తా పడింది.

కాలం సంగతి చూద్దాం. చనిపోయిన మనిషి ఒంట్లోనే గడియారం ఉంటుందంటారు ఫోరెన్సిక్ డాక్టర్లు. రెండు మూడు గంటలకు దవడ బిగుస్తుంది, తర్వాత మెడ, చేతులు, కాళ్లు. పన్నెండు గంటలకల్లా ఒళ్లంతా కొయ్యబారుతుంది. మరో పూట గడిచాక ఆ బిగువు వచ్చిన వరసలోనే సడలడం మొదలవుతుంది. మన ఎండలకు ఇదంతా ఇంకా తొందరగా జరిగిపోతుంది. కడుపులో అన్నం ఎంత అరిగిందో చూస్తే ఆఖరి ముద్దకూ ఆఖరి శ్వాసకూ మధ్య ఎంతసేపు నడిచిందో లెక్క కట్టొచ్చు. కానీ నీళ్లలో పడ్డ శవం దగ్గర ఈ లెక్కలన్నీ గాడి తప్పుతాయి. వేళ్ల చర్మం ముడతలు పడి ఊడిపోతుంది, ఒళ్లు ఉబ్బుతుంది, చేపలూ ఎండ్రకాయలూ చేసిన గాట్లు కత్తి గాయాల్లో కలిసిపోతాయి. రెండో రోజో మూడో రోజో బయటికి తీసిన శవాన్ని చూసి ఏ డాక్టరైనా ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల లోపు అని వెడల్పుగా రాయగలడే తప్ప, పగలు పదకొండింటికి అని రాయలేడు. అలా రాస్తే అబద్ధం రాసినట్టే. అందుకే నీళ్లలో శవం దొరికిన కేసులో కాలాన్ని డాక్టరు చేతిలో పెట్టి ఊరుకోకూడదు. బతికున్నవాళ్ల దగ్గర, కాగితాల్లో వెతికి పట్టుకోవాలి. చివరిసారి ఎవరు చూశారు, ఏ రైలు వెళ్లాక, బడి ఏ గంట కొట్టాక అని ఒక్కొక్కరినీ అడిగి అదే పూట రాసుకోవాలి.

ఇక్కడే చుండూరు కేసు గుండెను మెలిపెడుతుంది. ఆ ఊళ్లో గడియారం కట్టుకున్న సాక్షులు ఆ రోజు ఉన్నారు. వాళ్లు యూనిఫాంలో ఉన్నారు. పికెట్ అంటే ఊరికే కాదు. డ్యూటీ ఎక్కిన టైమూ దిగిన టైమూ ఉంటాయి, వైర్‌లెస్ సెట్లో పోయిన ప్రతి మాటకూ టైము ఉంటుంది, స్టేషన్లో జనరల్ డైరీ ఉంటుంది. రైటరు ప్రతి కదలికనూ అందులో గంట వేసి ఎక్కించాలి. గుంపు కదిలిందని ఎవరు ఎవరికి ఎప్పుడు చెప్పారు? వాడలోకి పోలీసులు ఏ టైముకు వచ్చారు, ఎవరు పంపితే వచ్చారు? ఈ నాలుగు ముక్కలూ మొదటి రోజే గట్టిగా కాగితం మీదికి ఎక్కి ఉంటే, కూలి మనిషిని బోనులో నిలబెట్టి ఎన్ని గంటలకు చూశావని పదేపదే అడగాల్సిన పనే ఉండేది కాదు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని వరి మడికి అడ్డం పడి పరుగెత్తినవాడు టైము చూసుకుంటాడా? హైకోర్టు పెట్టిన కొలబద్ద మీద నా ఫిర్యాదు ఇదే. అయితే ఆ కొలబద్దకు సాక్షులను ఒట్టి చేతులతో అప్పగించింది మాత్రం దర్యాప్తే. పోలీసుల మీదే ఆరోపణ ఉన్నచోట పోలీసుల డైరీని పోలీసులే రాసుకుని పోలీసులే చదువుకుంటే, ప్రశ్నించాల్సిన మొదటి మనిషి ప్రశ్న పడకుండానే తప్పుకుంటాడు.

ఇక స్థలం. నేరస్థలమంటే మనకు ఒక గది, ఒక తలుపు, చుట్టూ తాడు, లోపల చాక్‌పీసుతో గీసిన గీత గుర్తొస్తాయి. పల్లెటూరి సామూహిక దాడిలో ఇవేవీ ఉండవు. చుండూరులో నేరస్థలం వాడ దగ్గర మొదలై గట్ల మీదుగా, చేల మీదుగా, కాలవ ఒడ్డుదాకా సాగింది. ప్రతి హతుడికీ కనీసం మూడు చోట్లు: దాడి జరిగిన చోటు, శవాన్ని లాగిన దారి, శవం దొరికిన చోటు. ఎనిమిది మందికి ఎన్నయ్యాయో చూసుకోండి. డెల్టాలో ఆగస్టంటే నాట్ల కాలం. దమ్ము చేసిన మడిలో అడుగు పడితే బురదలో దిగుతుంది, నీరు కదిలితే చెరిగిపోతుంది. తొక్కిన నాటు రెండు రోజుల్లో తేరుకుంటుంది. ఆ పూటే ఎవరో ఒకరు గట్టు మీద కూర్చుని రఫ్ స్కెచ్ గీయాలి, సర్వే నంబరు వేయాలి, నెత్తుటి మట్టినీ పక్కనే ఉన్న మామూలు మట్టినీ విడివిడిగా సీసాల్లోకి ఎత్తాలి, మధ్యవర్తులతో సంతకం పెట్టించాలి. మామూలు మట్టి ఎందుకని కొత్తవాళ్లు అడుగుతారు. పోల్చి చూపడానికి అదుంటేనే ల్యాబు మాట కోర్టులో నిలుస్తుంది.

గోనెసంచినే తీసుకోండి. తీరిగ్గా చూస్తే అది చాలా మాట్లాడుతుంది. మూతిని పురికొసతో కట్టారా, దబ్బనంతో కుట్టారా? కట్టి ఉంటే ముడి విప్పకూడదు. ముడికి దూరంగా తాడును కోసి, ముడిని అలాగే భద్రం చేయాలి. ముడి వేసే తీరు చేతి అలవాటు. పశువుల తాడు కట్టే చేయి ఒకలా వేస్తుంది, బస్తాలు కట్టే చేయి ఇంకోలా. సంచి మీద మిల్లు ముద్ర ఉందా, ఎరువు కంపెనీ ముద్ర ఉందా? నేత సందుల్లో ఊక, తవుడు, మినప పొట్టు, ఏవి ఇరుక్కున్నాయి? బరువు కోసం లోపల రాయి వేశారా, వేస్తే ఆ రాయి ఎక్కడిది? సంచులన్నిటికీ ఒకే తాడైతే వాటి వెనక ఒకే కొట్టం ఉండొచ్చు. ఇందుకు పెద్ద ల్యాబు అక్కర్లేదు. ఓపిక ఉన్న ఒక హెడ్ కానిస్టేబులు, కాగితపు కవర్లు, లక్క సీలు ఉంటే చాలు. తడి సంచిని ప్లాస్టిక్ కవర్లో మూట కట్టి మాల్‌ఖానాలో పడేస్తే మాత్రం నాలుగు రోజుల్లో బూజు పట్టి ఆ మాటలన్నీ మాయమైపోతాయి. నీడన ఆరబెట్టి, కాగితంలో చుట్టాలి.

మూడో ప్రశ్న, ఎవరు అన్నది, అన్నిటికంటే బరువైనది. పరాయివాడు చేసిన నేరంలో సాక్షికి పేరు తెలియదు. అందుకు జైల్లో మేజిస్ట్రేటు ముందు గుర్తింపు పరేడు పెడతారు. చుండూరులో ఆ అవసరం రాదు. చంపినవాడూ చచ్చినవాడూ చూసినవాడూ చాలావరకు ఒకరినొకరు ఎరిగినవాళ్లు, ఇంటి పేరుతో సహా తెలుసు. అలాంటప్పుడు డిఫెన్సు లాయరు వేసే ప్రశ్న ఒక్కటే: తెలిస్తే మొదటి రోజే ఎందుకు చెప్పలేదు? ఎఫ్‌ఐఆర్‌లో లేని పేరు, పది రోజుల తర్వాత పోలీసులు రాసుకున్న స్టేట్‌మెంటులో కనిపించిన పేరు, కోర్టు చెవికి కల్పించిన పేరులా వినిపిస్తుంది. శిబిరంలో పదిమందీ కూర్చుని పేర్లు కూర్చారన్న వాదం ఇలాంటి ప్రతి కేసులోనూ వస్తుంది. సాక్షి అప్పుడు ఎక్కడున్నాడన్నది ఆ వాదంలో ఎవరూ అడగరు. ఇంటాయన శవం ఏ కాలవలో ఉందో తెలియని మనిషి, తమను పారిపొమ్మన్నారని తాను నమ్ముతున్న పోలీసుల దగ్గరికే వెళ్లి పేర్లు చెప్పాలి. పరిశోధన అధికారే తెనాలి శిబిరానికి వెళ్లి, చాప మీద కూర్చుని, ఒక్కొక్కరినీ పక్కకు తీసుకెళ్లి, ఇంకొకరి మాట చెవిన పడకుండా, నువ్వు ఎక్కడ నిలబడి చూశావు, మధ్యలో ఏం అడ్డం ఉంది, ఎంత దూరం అని అడిగి ఆ రాత్రికే రాసుకోవాలి. ఆ కాగితాలు మర్నాడే మేజిస్ట్రేటుకు చేరాలి. గుంపు దాడుల్లో ఒకే సాక్షి మాట మీద ఫలానావాడు ఉన్నాడని తేల్చకుండా, ఇద్దరో ముగ్గురో సాక్షులు ఒకే మాట చెబుతున్నారా అని చూడటం మంచిదని సుప్రీంకోర్టు 1964లోనే మసల్తీ కేసులో చెప్పింది. అంటే 219 మంది నిందితులున్న కేసులో ఎవరి గురించి ఎవరెవరు చెప్పారో తొలివారంలోనే పట్టిక వేసుకుని కూర్చోవాలి. పదమూడేళ్లకు బోనెక్కిన సాక్షి గొడ్డలి ఎవరి చేతిలో ఉందో, బరిసె ఎవరి చేతిలో ఉందో తారుమారు చేస్తే అది అబద్ధమని అనుకోనక్కర్లేదు. మనిషి జ్ఞాపకం ఉండే తీరే అంత. కానీ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ తారుమారుకు దయ ఉండదు.

నిందితులను ప్రశ్నించే తీరు గురించి గుంటూరు జిల్లాకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. దేశమంతా ఈనాటికీ చదువుకునే పాఠం ఇక్కడి నుంచే పోయింది. పులుకూరి కోటయ్య కేసు గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి 1947లో లా రిపోర్టులకెక్కింది. అదీ గుంపు కొట్లాటే, అందులోనూ హత్యలే. బల్లెం గడ్డివాములో దాచానని, వస్తే చూపిస్తానని నిందితుడు పోలీసులకు చెప్పాడు. అందరం కలిసి కొట్టి చంపామని కూడా చెప్పాడు. వాములో బల్లెం దొరికింది. పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలు చెల్లదు కదా, మరి ఇందులో ఎంత చెల్లుతుంది? దాచిన చోటు అతనికి తెలుసన్నంత వరకే చెల్లుతుందని, చంపామన్న మాట చెల్లదని ప్రీవీ కౌన్సిల్ గీత గీసింది. ఆ గీత తెలిసిన పోలీసు కొట్టి ఒప్పించడం మీద ఆధారపడడు. కొట్టి చెప్పించిన మాట కోర్టు గడప దాటదని అతనికి తెలుసు. ముందు ఆ రోజు ఎక్కడున్నావని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాడు. తనకు తెలిసింది బయట పెట్టకుండా, నిందితుణ్ణే మాట్లాడనిస్తాడు. ఆ తర్వాత ఒక్కో మాటనూ బయట సరిచూసుకుంటాడు: మిల్లు చీటీ, టికెట్టు ముక్క, పెళ్లి ఇంటి చదివింపుల పుస్తకం. వారం గడిస్తే ఊళ్లో ప్రతి ఒక్కడికీ ఒక పెళ్లీ ఒక ప్రయాణమూ పుట్టుకొస్తాయి.

చుండూరుకు ఆరేళ్ల ముందు, 1985 జులై 17న, కారంచేడులో ఆరుగురు దళితులు హతమయ్యారు. అక్కడి వాళ్లు చీరాల చేరారు, ఇక్కడి వాళ్లు తెనాలి చేరారు. అక్కడా కింది కోర్టు శిక్షలు వేస్తే హైకోర్టు కొట్టేసింది. చివరికి 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ల జైలు ఖరారు చేసింది. ఇరవై మూడేళ్లు పట్టింది. కారంచేడు అప్పట్లో ప్రకాశం జిల్లా. ఇప్పుడు అదీ బాపట్ల జిల్లాలోదే. కొత్త జిల్లాకు ఈ రెండు ఊళ్లూ కలిసి వచ్చాయి.

2024 జులై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాయి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలని, దాన్ని వీడియో తీయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షను చెబుతోంది. దీన్ని పూర్తిగా అమలు చేయడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల దాకా గడువిచ్చింది. సోదాలకూ స్వాధీనాలకూ వీడియో తప్పనిసరి చేసింది. మంచిదే. కెమెరా పట్టుకున్న చేయి ఎవరిదన్నది మాత్రం చట్టంలో ఉండదు. అత్యాచారాల కేసుల దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే చేయాలని 1995 నిబంధనలు ఎప్పుడో చెప్పాయి. రేపల్లె, బాపట్ల, తెనాలి స్టేషన్లలో కొత్తగా చేరే ఎస్సైలకు నా మనవి ఒకటి: 2007 తీర్పునూ 2014 తీర్పునూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. పక్కన తెల్లకాగితం పెట్టుకుని, ఆగస్టు 6 మధ్యాహ్నం మీరే డ్యూటీలో ఉంటే జనరల్ డైరీలో ఏ గంటకు ఏం రాసేవారో రాసి చూడండి.

హైకోర్టు తీర్పు మీద అప్పీళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. విచారణ ఊళ్లోనే పెట్టాలని పోరాడిన బొజ్జా తారకం 2016 సెప్టెంబరు 16న కన్నుమూశారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది హత్యకు గురయ్యారని ఏ కోర్టూ కాదనలేదు. 2014 ఏప్రిల్ 22 తర్వాత ఆ హత్యలకు బాధ్యుడని హైకోర్టు రికార్డులో మిగిలిన పేరు ఒక్కటీ లేదు.